కొయ్య బద్దల కప్పు

కృతఘ్నుణ్ణి మనవాళ్ళు "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అని తిట్టారు. ఆ తిట్టు పుట్టిన రోజుల్లో, భోంచేసి వెల్లకిలా పడుకున్న చుట్టానికి తలపైన వాసాలు కనబడేవి గనక లెక్కపెట్టాడు. ఇవాళ అతగాడికి ఆ అవకాశం లేదు. పైన సిమెంటు శ్లాబు, దానికి తెల్లరంగు, మధ్యన ఒక ఫాను. లెక్కపెడితే మూడు రెక్కలు! మా కాలేజీలో ఈ సామెత చెప్పినప్పుడల్లా ముందు "వాసం" అంటే ఏమిటో బల్ల మీద బొమ్మ వేసి చూపించవలసి వస్తోంది.

అయితే పోయిన వాసాలు వేరే వేషంలో మళ్ళీ వస్తున్నాయి. కొత్త ఇళ్ళల్లో, అపార్టుమెంట్లలో, శ్లాబు కింద సన్నటి కొయ్య బద్దలు వరసగా, బద్దకీ బద్దకీ మధ్య సందు వదిలి బిగిస్తున్నారు. వడ్రంగులు వీటిని రీపర్లంటారు. షాపులవాళ్ళు లూవర్లంటారు. పేరు ఏదైనా సరుకు అదే. ఇల్లు కట్టుకుంటున్న స్నేహితులు కొందరు దీన్ని గురించి నన్ను అడుగుతున్నారు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కలప సంగతి అడగటమేమిటని మీకు నవ్వు రావచ్చు. మా బావమరిది ఇంటి కోసం కలప అడితీల చుట్టూ అతనితోపాటు తిరిగినవాణ్ణి గనక అడుగుతున్నారు. వాళ్ళకి విడివిడిగా చెప్పే కన్న మీకందరికీ ఒక్కసారే చెబుతాను.

మొదట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాత ఇళ్ళలో కొయ్య బరువు మోసేది. మద్రాసు మిద్దెలో టేకు వాసాల మీద ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో కట్టి, దానిమీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిసా కొట్టి, పైన పలకలు పరిచేవారు. ఆ వాసం తీసేస్తే మిద్దె నెత్తిన పడుతుంది. ఇప్పటి బద్ద అట్లా కాదు. అది ఇంటిని మొయ్యదు. ఇల్లే దాన్ని మోస్తుంది. అంచేత, "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని ముందు మనల్ని మనమే అడగాలి. అందం కోసమే అయితే అది మీ ఇష్టమూ, మీ జేబూ. కాని దీనికి అందం కాక వేరే ప్రయోజనం ఒకటుంది. అది నాకు మా అత్తగారి మూలాన తెలిసింది.

మా బావమరిది కాకినాడలో ఇల్లు కట్టాడు. హాలు 20 అడుగుల పొడుగు, 15 అడుగుల వెడల్పు. కింద గ్రానైటు, ఒక గోడంతా అద్దాలు, తక్కిన గోడలు నున్నటి పూత. చూడ్డానికి ఎంతో బాగున్నది. గృహప్రవేశం అయిన వారానికే మా అత్తగారు తన కుర్చీ వరండాలో వేయించుకున్నారు. ఆవిడకి ఎనభై దాటాయి, చెవికి యంత్రం పెట్టుకుంటారు. హాల్లో అందరూ కూచుని నవ్వుకుంటూంటే ఆవిడ ఒక్కరూ వీధి చూస్తూ కూచునేవారు. కోపం వచ్చిందేమోనని మా బావమరిది హడలిపోయాడు. నేను వెళ్ళి అడిగాను.

"కోపమేమిటి బాబూ! వరండాలో మీ మాట నాకు బాగానే తెలుస్తోంది. ఆ హాల్లోకి వెళితే అందరూ నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. అడిగిందే మళ్ళీ అడిగితే పిల్లలు విసుక్కుంటారు. ఎందుకొచ్చిన గొడవ!" అన్నారావిడ.

నేను హాలు నడిమధ్య నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాను. చప్పుడు ఆగిపోయాక కూడా గది దాన్ని కాసేపు సాగదీసింది. గ్రానైటూ, అద్దమూ, సిమెంటూ శబ్దాన్ని మింగవు, బంతిలాగ ఎగరగొడతాయి. ఒక మాట చెవిన పడేలోగా దాని ముందరి మాట తాలూకు ప్రతిధ్వని వచ్చి దానిమీద పడుతుంది. మంచి చెవులున్నవాళ్ళం మనం ఎట్లాగో విడదీసుకుంటాం. చెవి యంత్రం మాటతోబాటు ఆ ప్రతిధ్వనిని కూడా పెద్దది చేస్తుంది. పెద్దవాళ్ళు కొత్త ఇంట్లో మాట తగ్గించి ఒక మూల చేరారంటే, కారణం ఒక్కొక్కప్పుడు కోడలు కాదు, గ్రానైటు సుమండీ!

మా బావమరిది వెంటనే ఒక షాపుకు వెళ్ళి అడిగి వచ్చాడు. ప్లాస్టిక్ లూవర్లు శ్లాబుకి అంటించేస్తే చప్పుడు పోతుందని వాళ్ళు చెప్పారట. మా వడ్రంగి మేస్త్రి ఆ మాట విని తల అడ్డంగా ఊపాడు.

"చప్పుణ్ణి తినేది బద్ద కాదు మాస్టారూ, బద్ద వెనకాల ఉన్నది తినాలి. శ్లాబుకి అంటిస్తే ఇంక వెనకాల ఏముంటాది?" అన్నాడు.

ఇందులో కిటుకంతా ఆ ముక్కలోనే ఉన్నది. కొయ్య కూడా చాలావరకు శబ్దాన్ని తిరగ్గొట్టేదే. బద్దల మధ్య సందులోంచి శబ్దం లోపలికి పోవాలి. లోపల మెత్తటి పదార్థం ఉండాలి. రాక్‌వూల్ అని రాతిని కరిగించి దూదిలాగ తీసిన పలకలు దొరుకుతాయి. రెండంగుళాల మందం పలకల్ని, పీచు రాలకుండా నల్లటి గుడ్డ చుట్టి, బద్దల వెనక పరిస్తే శబ్దం అందులోకి పోయి చిక్కుకుంటుంది. సందు లేకపోయినా, దూది లేకపోయినా మీరు కొన్నది అలంకారమే.

కొయ్య బద్దల కప్పుతో శబ్దానికి మరో రకం సేవ కూడా చేయించవచ్చు. ఫిన్లండు దేశపు వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో వీపురి పట్టణంలో కట్టిన గ్రంథాలయం 1935లో పూర్తయింది. అందులో ఉపన్యాసాల గదికి సన్నటి కొయ్య బద్దలతో అలలు అలలుగా కప్పు వేశాడు. వేదిక మీదివాడి మాట వెనక వరసకు చేరటమే కాదు, వెనక వరసలోంచి ప్రశ్న అడిగినవాడి మాట కూడా అందరికీ వినబడాలని అతని ఉద్దేశం. పాఠం చెప్పుకు బతికేవాడికి ఇంతకన్న ముచ్చటైన గది ఉండదు. ఆ ఊరు తరవాత రష్యా కిందికి పోయింది. భవనం చాలాకాలం పాడుపడి, 2013 నాటికి మళ్ళీ బాగయింది. అక్కడ కప్పు వంపు మాటను పంచిపెడుతుంది. మన హాల్లో కావలసింది పంచటం కాదు, అణచటం. షాపులో ఫొటో చూసి మోజుపడే ముందు మీకేది కావాలో తేల్చుకోండి.

ఇక కలప. నేలపై పరిచే పలకకన్న ఈ సన్నబద్దకి ఒక సౌకర్యమున్నది. కొయ్య గాలిలో చెమ్మను బట్టి ఉబ్బుతుంది, కుంగుతుంది. పొడుగున కాదు, అడ్డంగా. వెడల్పాటి పలకలు దగ్గరగా బిగిస్తే ఈ కదలికకి చీలికలు కనిపిస్తాయి. రెండంగుళాల బద్ద కదిలేది ఆవగింజంత. ఆ పక్కనే సందున్నది గనక ఎవరికీ తెలియదు. అయితే పచ్చి కొయ్య బిగిస్తే కుంగటమే కాదు, మెలితిరుగుతుంది కూడా. చెమ్మ నూటికి 12 పాళ్ళకు మించకుండా ఆరిన కలప కావాలి. అడితీవాడు "బాగా ఆరిందండీ" అనే అంటాడు. చెమ్మ చూసే చిన్న యంత్రం ఉంటుంది, పెట్టి చూపించమనండి. లేకపోతే ఒక ముక్క తూచి, 103 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి, మళ్ళీ తూచండి. 112 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగితే చెమ్మ 12 పాళ్ళు. మీ ఊరి కాలేజీలో సైన్సు మాస్టారు ఈ ఉపకారం కాదనరు.

టేకు తక్కువగా కదులుతుంది, చేవకు చెదపట్టడం అరుదు. చేవకు అని ఎందుకన్నానంటే, పైనున్న తెల్లపొర టేకుదైనా చెదకి విందుభోజనమే. బర్మా టేకు అన్న పేరుకి మోసపోవద్దు. ఆ దేశం 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. పైన్ చవక, తేలిక. ఇంటిలోపల, చెదకు మందు పట్టించి వాడితే తప్పులేదు. పీచుగా చేసిన కొయ్యని జిగురుతో అదిమిన ఎమ్.డి.ఎఫ్. బద్దలు చూడ్డానికి నున్నగా ఉంటాయి గాని, ఒక్కసారి శ్లాబు కారిందంటే అటుకుల్లాగ ఉబ్బుతాయి.

ఇంకొక దారి ఉన్నది. గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిళ్ళు పడగొడుతున్నారు. వాటి దూలాలూ వాసాలూ అడితీలకు వస్తున్నాయి. ఏళ్ళ తరబడి ఆరిన టేకు! మా బావమరిది తన తాతగారి ఇంటి వాసాల్నే కోయించాడు. మూడు జాగ్రత్తలు కావాలి: లోపలి మేకులన్నీ పీకించాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయి, సుత్తితో కొట్టి చూసి, డొల్ల శబ్దం చేసినదాన్ని వదిలెయ్యాలి, గోడలో దిగిన చివర చెమ్మకు కుళ్ళి ఉంటుంది, ఆ మూర కోసి పారెయ్యాలి.

లెక్క ఇదీ. 12 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు గది అనుకోండి. బద్ద రెండంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, సందు ఒక అంగుళం. బద్దా సందూ కలిసి మూడంగుళాలు గనక, 120 అంగుళాల వెడల్పుకి 40 బద్దలు. ఒక్కొక్కటి ఘనపుటడుగులో ఎనిమిదో వంతు. మొత్తం 5 ఘనపుటడుగులు. కోతలో పోయే పొట్టూ, పైన అడ్డుపట్టెలూ దీనికి అదనం. టేకయితే ఒక్క బద్దల బరువే సుమారు 90 కిలోలు. అంచేత అడ్డుపట్టెల్ని శ్లాబులోకి బోల్టులతో బిగించాలి. మేకుల పని కాదు. గదంతా వెయ్యనక్కరలేదు. మా బావమరిది మనుషులు కూచునే సగానికే వేయించాడు.

ఎత్తు చూసుకోండి. నివాసపు గదికి నేలనుంచి కప్పుదాకా 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు, ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మీ శ్లాబు తొమ్మిదిన్నర అడుగులుంటే, నాలుగైదు అంగుళాలు బద్దలకూ దూదికీ పోయినా ఫరవాలేదు. తొమ్మిదే ఉంటే ఈ ఆశ మానుకోండి. ఫాను కొక్కెం శ్లాబుకే ఉండాలి, బద్దలకు కాదు. కరెంటు తీగెలు గొట్టాల్లోనే పోవాలి. పైన కొయ్య ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. రెండడుగుల వెడల్పున చట్రాలుగా చేయించి, ఒకటి రెండు ఊడదీసేందుకు వీలుగా పెట్టించుకోండి. కొత్త శ్లాబయితే ఒక వానాకాలం గడవనిచ్చి, కారటంలేదని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

పోర్టికో కిందా, వరండా కిందా వేస్తే శత్రువులు వేరు. ఎండకి టేకు బూడిదరంగు తిరుగుతుంది. వార్నీషు పొర ఎండావానలకు పొలుసులుగా లేస్తుంది. అంతకన్న నూనె నయం, వెలిసినప్పుడు మళ్ళీ పూసుకోవచ్చు. ఇనుప మరలు వాడారంటే తుప్పుతోబాటు టేకు మీద నల్లటి మరకలు దిగుతాయి. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖపట్నంలాంటి చోట్ల స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం మరలు అడగండి. బయట దూది పెట్టవద్దు, గాలి ఆడనివ్వండి. కాని బద్దల వెనక సన్న తీగెవల తప్పదు. అది లేకపోతే ఉడతలూ, పిచ్చుకలూ, కందిరీగలూ మీకన్న ముందే గృహప్రవేశం చేస్తాయి.

గృహిణులు ఒక ప్రశ్న అడగాలి: "బూజు ఎవరు దులుపుతారు?" సందు అంగుళం కన్న తక్కువైతే కుంచె దూరదు. వంటింట్లో వద్దేవద్దు, నూనె పొగ పడుతుంది. దీపం వెలిగే పూజగదిలో అంతకన్నా వద్దు. ముదురురంగు పాలిష్ వేస్తే గదిలో వెలుతురు తగ్గుతుంది. దానికి బదులు రెండు లైట్లు ఎక్కువ పెట్టుకోవాలి.

ఇంత ఖర్చు పెట్టలేని వాళ్ళు దిగులు పడనక్కరలేదు. దళసరి తెరలు, కింద జంపఖానా, గోడనిండా పుస్తకాల బీరువా — ఇవీ శబ్దాన్ని తింటాయి. ముందు ఇవి వేసి, మళ్ళీ చప్పట్లు కొట్టి చూడండి. సరిపోతే కప్పు డబ్బు మిగిలినట్టే.

కాకినాడ హాలు నిశ్శబ్దమందిరం అయిపోయిందని నేను చెప్పను. అద్దాల గోడ అద్దాల గోడే. నలుగురూ ఒక్కసారి మాట్లాడితే మా అత్తగారికి ఇప్పటికీ కష్టమే. కాని ఆవిడ కుర్చీ మాత్రం వరండాలోంచి లోపలికి వచ్చింది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు, మా బావమరిది పొలం అమ్మకం విషయం నాతో మెల్లిగా చెబుతూంటే, ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆ గట్టు పక్క చెక్క మాత్రం అమ్మకురా" అన్నారు.