ఎముక అడిగే గడువు

"అన్నయ్యగారూ, వీడికి ఒక్క సూదిమందు ఇచ్చి పుణ్యం కట్టుకోండి. ఇంక రెండు నెలలే ఉంది" అంటూ మా పక్కింటావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు.

కుర్రవాడు కానిస్టేబులు ఎంపికకని 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. అంతకుముందు పరుగన్నది ఎరుగడు. ఒక్కసారిగా అరిగిన బూట్లు తొడుక్కుని, రోజూ తారురోడ్డు మీద అయిదు కిలోమీటర్లు మొదలుపెట్టాడు. మూడోవారానికి కాలు పట్టుకుంది. తల్లి పసుపు పట్టు వేసి, వాతమేమోనని వంకాయ మాన్పించారట!

మోకాలి కిందనుంచి చీలమండ దాకా ఉండే ఎముక లోపలి అంచును నొక్కి చూశాను. బెత్తెడు పొడుగునా నొప్పి. అలా కాక వేలిమొన పట్టేంత చోటనే ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో సన్నని పగులేమోనని అనుమానించాలి. తొలి వారాల్లో అది ఎక్సురేలో కనపడకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. వీడిది అంతదాకా రాలేదు.

పరుగుకు గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి. ఎముక నిదానం. పాత మేడను బాగుచేసేటప్పుడు ముందు కొంత పడగొట్టి తర్వాత కట్టినట్లే, ఎముకలోనూ ముందు పాతది కరుగుతుంది, తర్వాతే కొత్తది చేరుతుంది. ఆ నడిమి రోజుల్లో దాని బలం తక్కువ. సరిగ్గా అప్పుడే మనం పరుగు పెంచుతాం!

"నొప్పి తెలియకుండా మాత్రలివ్వండి మామయ్యగారూ, చాలు" అన్నాడు.

ఇవ్వనన్నాను. ఒకప్పుడు ఇలాగే బతిమాలిన కుర్రవాడికి రాసిచ్చాను. ఎంపికనాడు సగం దూరంలో ఎముక విరిగి కూలబడ్డాడు. నొప్పి నోరు నొక్కానే గాని, అది చెప్పేది వినలేదు. వాడి తల్లి ముఖం నేనింకా మరచిపోలేదు.

వీడికి రెండు వారాలు పరుగు మాన్పించి, నొప్పి పుట్టనంత వరకు సైకిలు తొక్కమన్నాను. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పావుగంట సేపు పెట్టమన్నాను. నొప్పి తగ్గాక, పిక్కలకు బలం రావడానికి మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించటం. కొత్త బూట్లు. ఆ తర్వాత మట్టి మైదానంలో నడక, మధ్య మధ్య నిమిషం పరుగు. నొప్పి లేకుంటేనే పెంచాలి. వచ్చిందా, వెనక్కు తగ్గాలి.

ఆవిడ గొణుక్కుంటూనే వెళ్ళారు. నిన్న ఉదయం వాడు 1600 మీటర్లూ ఆగకుండా, నొప్పి లేకుండా పరుగెత్తి వచ్చాడు. ఎంపిక ఇంకా పది రోజులుంది. ఉద్యోగం సంగతి నేను చెప్పలేను గాని, వంకాయకూర నిర్భయంగా వండుకోవచ్చునని ఆవిడతో చెప్పాను.