పదిమందిమి తలా ఒక ఆదివారం ఇచ్చి ఉంటే



నాలుగు రోజులుగా గ్రూపులో మన క్లాస్‌మేట్ గురించి పోస్టులు వస్తున్నాయి. ఒకరు ఫ్లెక్సీ కట్టిద్దామన్నారు, ఒకరు ఏటా అవార్డు ఇద్దామన్నారు, ఇంకొకరు విగ్రహం అన్నారు. అందరిదీ అభిమానమే, కాదనం. కానీ నరసాపురం హాస్టల్లో వాడితో మూడేళ్ళు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళం మేం తొమ్మిదిమందిమి. దినం రోజు వాళ్ళ ఇంటి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. అక్కడ అనుకున్నది ఇక్కడ రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందుగా రెండు మాటలు. వాడిని 'ఆయన' అని రాయడం మాకు చేతకాదు, వాడు అనే రాస్తాం. పేరు, ఫొటో పెట్టడం లేదు. వాడు వెతికి బడికి పంపిన పిల్లల్లో కొందరు ఇప్పుడు ఇంటర్, డిగ్రీల్లో ఉన్నారు. వాడి పేరు బయటపెడితే ఆ పిల్లలెవరో ఊళ్ళో ఇట్టే తెలిసిపోతుంది. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల వివరాలు బయటపెట్టడమే తప్పు. ఈ సంగతి మాకు చెప్పిందీ వాడే.

మేమంతా ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళం. బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి వైపు కోయలం, కొండరెడ్లం. వాడు యానాది. అమ్మానాన్నా మొగల్తూరు వైపు రొయ్యల చెరువు కాపలా. హాస్టల్లో చేరిన మొదటి వారం మాలో ఒకడు అడిగాడు, "నువ్వు ఎస్టీవేనా, మీదే ఏజెన్సీ?" అని. "మాకు ఏజెన్సీ లేదురా, గట్టుంది" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. మాకు కోట రామచంద్రపురంలో ఐటీడీఏ ఉంది, మా ఊళ్ళలో ఆశ్రమ పాఠశాలలున్నాయి, ఏదన్నా అయితే ధర్నా చేయడానికి ఒక ఆఫీసు గుమ్మమన్నా ఉంది. యానాదుల ఐటీడీఏ ఎక్కడో నెల్లూరులో ఉంది. డెల్టాలో కాలవ గట్టు మీద, చెరువు గట్టు మీద బతికే వాళ్ళకి ఆఫీసు దాకా వెళ్ళేందుకు చేతిలో కాగితమే ఉండదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం వాడు ఎన్ని నెలలు తిరిగాడో మేం చూశాం. చూసి కూడా, ప్లెయిన్ ఏరియా వాళ్ళు మన సీట్లు పట్టుకుపోతున్నారని వాడి వెనక మాట్లాడుకున్నాం. ఇలాంటి మాటలు ఈ గ్రూపులో ఇప్పటికీ కనబడుతున్నాయి కాబట్టే రాస్తున్నాం.

వాడి పని మొదలైంది సెకండియర్ సంక్రాంతి తర్వాత. సెలవులకి ఇంటికెళ్ళిన చిన్న హాస్టల్ పిల్లాడొకడు తిరిగి రాలేదు. పదిరోజులు చూసి రిజిస్టరులో పేరు మీద ఎర్రగీత గీసేశారు. "ఎందుకు రాలేదో ఎవరన్నా అడిగారా?" అన్నాడు వాడు. ఎవరూ అడగలేదు. ఆదివారం సైకిలేసుకుని వెళ్ళి, చెరువు గట్టు మీద మేత బస్తాల పక్కన ఆ పిల్లాణ్ణి చూశాడు. నాన్నకి కాలు విరిగిందట. అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి రాత్రి కాపలా మానేదానికి లేదు, నాన్న బదులు పిల్లాడు కాస్తున్నాడు. బడి మానేస్తానని వాడు అనలేదు, మాన్పిస్తామని ఇంట్లోనూ అనలేదు. నాన్న కాలు బాగయ్యాక వెళ్దాంలే అనుకున్నారు. కాలు బాగయ్యేసరికి ఎర్రగీత పడిపోయింది.

అప్పుడే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. పేరు, తరగతి, బడికి చివరిగా వచ్చిన రోజు, ఎందుకు రాలేదు, ఇప్పుడు ఎక్కడున్నాడు. ఇవే గళ్ళు. 'ఎందుకు రాలేదు' అన్న గడిని మాత్రం తను స్వయంగా వెళ్ళి అడిగేదాకా ఖాళీగా ఉంచేవాడు. మేం ఊహించి చెప్తే రాసేవాడు కాదు. "చదువు మీద ఇంట్రస్టు లేదు" అని టీచరు చెప్పిన పిల్లల దగ్గరికి వెళ్తే అసలు కారణాలు ఎలా ఉండేవో చూడండి. పాత స్కూలు టీసీ ఇవ్వలేదు. పుట్టినతేదీ కాగితం లేదు. పదకొండేళ్ళ పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మానేసింది. చెల్లెల్ని చూసుకునేవాళ్ళు లేరు. రాత్రంతా ఏరేటర్ల హోరులో నిద్రలేక పొద్దున క్లాసులో తూగితే దెబ్బలు పడ్డాయి. ఒక పిల్లకైతే చెప్పుల్లేవు, అంతే.

వీటిలో సగానికి చట్టంలోనే సమాధానం ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్ వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకొని, వెనకబడినదాన్ని ప్రత్యేకంగా నేర్పమంటుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని 5వ సెక్షన్, వయసు కాగితం లేదని తిప్పి పంపకూడదని 14వ సెక్షన్ చెబుతాయి. ఈ మూడింటి జిరాక్సులు వాడి సంచిలో ప్లాస్టిక్ కవర్లో ఎప్పుడూ ఉండేవి. వాదించేవాడు కాదు. హెడ్మాస్టారి బల్ల మీద కాగితం పెట్టి, "సార్, ఒకసారి చూడండి" అని నిలబడేవాడు. చదివేదాకా కదిలేవాడు కాదు.

డిగ్రీ అయ్యాక మేం ఉద్యోగాల వెంట పడ్డాం. వాడు నరసాపురంలోనే ఉండిపోయాడు. పొద్దున జిరాక్సు షాపులో పని, సాయంత్రం ట్యూషన్లు. మిగతా టైమంతా పిల్లలకే. నరసాపురం స్టేషను రైలుకి చివరి స్టేషను కదా. ఎక్కడెక్కడో ఇల్లొదిలి రైలెక్కిన పిల్లలు ఇక్కడికొచ్చేసరికి దిగక తప్పదు. అటు చూస్తే వశిష్ఠ గోదావరి, మాధవాయపాలెం రేవులో సఖినేటిపల్లి పంటు. ఈ రెండు చోట్ల టీ కొట్టువాళ్ళు, ఆటోవాళ్ళు వాడికి ఫోన్ చేసేవాళ్ళు, "ఒరేయ్, ఎవరో పిల్లాడు ఒక్కడే కూర్చున్నాడు రా" అని.

ఇక్కడ వాడి నుంచి మేం నేర్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎవరో తెలియని పిల్లాణ్ణి ఒక్క రాత్రి కూడా తన గదిలో పడుకోబెట్టలేదు. ముందు 1098కి ఫోన్ చేసేవాడు, తర్వాత పోలీసులకి చెప్పేవాడు, 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకి పిల్లాడు చేరాడా లేదా అని చూసుకునేవాడు. మాలో ఒకడు, "నువ్వు మంచోడివేగా, ఇంత తతంగం ఎందుకురా?" అంటే వాడన్న మాట మాకు బాగా గుర్తుంది. "నేను మంచోణ్ణని నేనే చెప్పుకుంటే చాలదు. పిల్లల దగ్గరికొచ్చే ప్రతి మంచోణ్ణీ ఎవడో ఒకడు చూస్తూ ఉండాలి." సేవ పేరుతో పిల్లల్ని పోగుచేసి, ఫొటోలు తీసి చందాలు అడిగేవాళ్ళని చూసినప్పుడల్లా ఈ మాటే గుర్తొస్తుంది.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక వాడి పని ఇంకా కష్టమైంది. అంతకుముందు మన ఏజెన్సీ, నరసాపురం ఒకే జిల్లా. ఇప్పుడు మన ఊళ్ళు ఏలూరు జిల్లాలో ఉన్నాయి, నరసాపురం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉంది. ఏజెన్సీ పిల్ల డెల్టాలో రొయ్యల షెడ్డులో దొరికితే రెండు జిల్లాల ఆఫీసులు మాట్లాడుకోవాలి. మధ్యలో పట్టించుకునేవాడు లేకపోతే ఫైలు ఎక్కడిదక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. ఒక జనవరిలో వాడు మా అందరికీ ఫోన్ చేశాడు. రొయ్యలు ఒలిచే ఒక షెడ్డులో పన్నెండేళ్ళ పిల్ల ఉంది, మన కోయ పిల్ల. తెలుగు సరిగ్గా రాదు, వాడికేమో కోయ రాదు. 1098కి చెప్పాడు, వాళ్ళు వచ్చారు. వయసు పద్నాలుగు దాటిందని, సొంత పిన్ని దగ్గరే ఉందని షెడ్డువాళ్ళు చెప్పారు. పిల్ల నోరు విప్పలేదు. "ఆదివారం ఎవరో ఒకరు రండిరా, మన భాషలో అడిగితే చెప్తుంది" అన్నాడు. మన భాష అన్నాడు, వాడికి రాని భాషని. మాలో ఒకడికి డ్యూటీ, ఒకడికి గ్రూప్స్ పరీక్ష, ఒకరి ఇంట్లో ఫంక్షను. ఒకరు ఫోన్లో మాట్లాడతానన్నారు. చుట్టూ షెడ్డువాళ్ళు నిలబడి ఉంటే ఫోన్లో ఏ పిల్ల చెప్తుంది? తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అప్పటికే ఆ బ్యాచ్‌ని ఎక్కడికో పంపించేశారు. నోట్‌బుక్కులో ఆ పిల్ల వరసలో 'ఎందుకు రాలేదు', 'ఇప్పుడు ఎక్కడుంది' అన్న గళ్ళు ఇవాళ్టికీ ఖాళీగానే ఉన్నాయి. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకే "జీవితాన్ని పిల్లలకి అంకితం చేశాడు" అని మీరంతా రాస్తుంటే మాకు గొంతు పట్టేస్తోంది. వాడు అంకితం చేశాడు, నిజమే. ఎందుకు చేయాల్సి వచ్చింది? మేం తొమ్మిదిమందిమి, వాడు ఒకడు. పదిమందిమి తలా ఒక ఆదివారం ఇచ్చి ఉంటే వాడొక్కడే జీవితమంతా ఇవ్వాల్సి వచ్చేది కాదు. పెళ్ళి చేసుకునేవాడేమో. బీఈడీ చేస్తానని రెండుసార్లు ఫారం తెచ్చుకున్నాడు, చేసేవాడేమో. వానాకాలం జ్వరంతో తిరక్కుండా రెండ్రోజులు పడుకునేవాడేమో. మేం అయిదొందలు ఫోన్‌పే చేసి, "సూపర్ రా మామా, నీలాంటోళ్ళు ఉండాలి" అని మెసేజ్ పెట్టి మా పనులు మేం చూసుకున్నాం. ఒక మనిషిని దేవుణ్ణి చేస్తే, ఆ పని మనం చేయక్కర్లేదని తప్పించుకోవచ్చు.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ దారిలో నడిచిన పెద్దలున్నారు. ఎస్.ఆర్. శంకరన్ గారు ఐఏఎస్ అధికారి. పెళ్ళి చేసుకోకుండా, జీతంలో, పెన్షన్లో చాలా భాగం పేదపిల్లల చదువుకే పెట్టారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. అయితే ఆయన తన జేబు మీదే ఆధారపడలేదు. దళిత పిల్లలకి గురుకులాలు రావడానికి గట్టిగా పనిచేశారు. 2010లో ఆయన పోయారు, గురుకులాలు ఉన్నాయి. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికెళ్ళే పిల్లల్ని బడికి తెచ్చింది. పని మానిన పిల్లలకి ముందు క్యాంపులు పెట్టి, వయసుకి తగ్గ తరగతికి సిద్ధం చేసింది. ఆ పని ఊళ్ళోని యువకులు, టీచర్లు, పంచాయతీ పెద్దలు కలిసి చేశారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది కానీ, ఆ గెలుపు ఏ ఒక్కరిదో కాదు. పని పదిమందికి పంచితేనే నిలబడుతుంది. మనవాడి పని పంచుకోవడానికి మేం వెళ్ళలేదు.

కాబట్టి విగ్రహం వద్దు. అవార్డు కూడా వద్దు, దానికి మళ్ళీ ఒక కమిటీ, ఒక గొడవ. మేం అడిగేది ఇది.

ఈ గ్రూపులో టీచర్లున్నారు, సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లున్నారు, ఏఎన్ఎంలున్నారు, కానిస్టేబుళ్ళున్నారు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో బడులు తెరిచిన రెండు వారాలకి, సంక్రాంతి సెలవులైన రెండు వారాలకి, మీ ఊరి బడికి, హాస్టల్‌కి తిరిగిరాని పిల్లలెవరో చూడండి. ఇంటికెళ్ళి ఎందుకు రాలేదో అడగండి. ఆ రెండు వారాల్లో అడిగితే సగంమంది వస్తారని వాడు అనేవాడు. ఎర్రగీత పడ్డాక వెతకడం వేరే పని.

తండ్రి పోయిన పిల్లలుంటే మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, అర్హత ఉంటే దరఖాస్తు పెట్టించండి. కోయ భాష మాట్లాడేవాళ్ళు పేరు, ఫోన్ నంబరు మాకు ఇవ్వండి. డెల్టాలో మన పిల్ల ఎక్కడన్నా కనబడితే అధికారులతో పాటు ఆ రోజే బయల్దేరి వెళ్ళేలా ఒక వరస వేసుకుందాం. ఫోన్లో కాదు, మనిషే వెళ్ళాలి. ఇంకొకటి, యానాది, ఎరుకల పిల్లల్ని 'ప్లెయిన్ వాళ్ళు' అని పక్కకి నెట్టే మాటలు ఈ గ్రూపులో ఇక రాయొద్దు.

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదా అంటారు. అవును, చేయాల్సిందే. దాన్ని చేయించడానికే ఈ లెక్క. ఎర్రగీత పడ్డ పిల్లలెంతమందో మన చేతిలో కాగితం మీద లేకపోతే ఏ కలెక్టరు దగ్గరికెళ్ళి ఏం అడుగుతాం?

నోట్‌బుక్ వాళ్ళ అమ్మ దగ్గర ఉంది. ఆమెకి చదువు రాదు. దినం రోజు దాన్ని మా చేతుల్లో పెట్టి, "ఇందులో ఇంకా రావాల్సినోళ్ళు ఉన్నారంట అయ్యా" అంది. ఖాళీ గళ్ళున్న పేర్లు పద్నాలుగు. ఆ వివరాలు ఇక్కడ రాయం. మేం తొమ్మిదిమందిమి పంచుకున్నాం, మొదటి ఆదివారం నలుగురం వెళ్ళొచ్చాం. ఒక్క గడి నిండింది. పదమూడు ఉన్నాయి.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నరసాపురం స్టేషను ముందు కలుస్తాం. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. లైకులు వద్దు.

జోహార్ రా. ఆలస్యంగా వస్తున్నాం.