వాళ్ళది వారసత్వం, మనది తాగుబోతుతనమా?

పోయిన డిసెంబర్లో మా ఆఫీసువాళ్ళు ఒక స్టార్ హోటల్లో "సింగిల్ మాల్ట్ సాయంత్రం" పెట్టారు. మనిషికి నాలుగు గ్లాసులు, ఒక్కోదాంట్లో అడుగున రెండు గుక్కలు. ఒకాయన వచ్చి ఎట్లా వాసన చూడాలి, ఎన్ని నీళ్ళ చుక్కలు వెయ్యాలి అని గంటసేపు క్లాసు పీకాడు. వెనకాల స్కాట్లాండ్ జానపదం మోగుతోంది. అందరూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. పాటలో ఒక్క ముక్క అర్థమైనవాడు లేడు, అది వేరే సంగతి. మా టీములో ఒకతను నా వైపు వంగి, "చూశావా బాస్, హెరిటేజ్ అంటే ఇదీ!" అన్నాడు.

సరిగ్గా రెండు నెలల ముందు ఇదే మనిషి నా కారులో వస్తున్నాడు. నేను ఒక కల్లు పాట పెట్టాను. పల్లవి కూడా పూర్తి కాలేదు. "ఆపు బాస్, కల్లు కాంపౌండులో కూర్చున్నట్టుంది" అన్నాడు. నేను ఆపేశాను.

కోపం అతని మీద కాదు. ఆపేసిన నా మీద. ఎందుకో చెప్తాను.

మాది కొండగట్టు దగ్గర ఒక పల్లె. మా మేనమామ గౌడ. మోకు, ముత్తాదు వేసుకుని నలభై ఏళ్ళు తాళ్ళెక్కాడు. పాటలు కూడా కట్టేవాడు. చెట్టు మీద నుంచి ఆయన ఎత్తుకుంటే, కింద పొలంలో నాట్లేసే ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. పొద్దుతాడేది, పండుతాడేది అని నేను బడిలో నేర్చుకోలేదు, ఆయన పాటల్లో నేర్చుకున్నా. ఉద్దెర కల్లు తాగి పైసలెగ్గొట్టిన పెద్దమనిషి మీద ఒక పాట, దుబాయి పోయి తిరిగిరాని దోస్తు మీద ఒక పాట, మోకు జారి పడ్డ తమ్ముడి మీద ఒక పాట. అన్నిట్లోనూ కల్లు ఉండేది. కానీ ఏ పాటా కల్లు గురించి మాత్రమే కాదు.

2011లో హైదరాబాదులో ఫ్లాటు కొన్నాను. గృహప్రవేశం రాత్రి భోజనాలయ్యాక "ఓ పాట పాడుతా అల్లుడా" అన్నాడు మామ. సోఫాలో మా మేనేజరు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. నేను మామను బాల్కనీలోకి తీసుకుపోయి, "మామా, గిక్కడ గా కల్లు పాటలు వద్దే. ఏదన్న అంజన్న పాట పాడు" అన్నా. ఆయన ఏమీ అనలేదు. "తలకాయ నొస్తున్నదిరా, పండుకుంట" అని లోపలికి పోయాడు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. నా ముందు మళ్ళీ నోరు విప్పి పాడలేదు.

ఆయన పాట ఒక్కటీ రికార్డు కాలేదు. నా దగ్గర మూడు హార్డు డిస్కులున్నాయి, నిండా డౌన్‌లోడ్ చేసిన సినిమాలు. కాబట్టి నీతులు చెప్తున్నాడనుకోకండి. ఈ కేసులో మొదటి ముద్దాయిని నేనే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్కాట్లాండులో రాబిన్ లెయింగ్ అని ఒక జానపద గాయకుడున్నాడు. పాటలు తనే రాస్తాడు, తనే పాడతాడు. విస్కీ మీద పాటలే ఆయన ప్రత్యేకత. 1997లో "ది ఏంజెల్స్ షేర్" అని ఒక ఆల్బం తెచ్చాడు. పీపాలో దాచిన విస్కీలో ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని అక్కడివాళ్ళు దేవతల వాటా అంటారు. అదీ ఆ పేరు సంగతి. విస్కీ మీద ఉన్న కవితల్నీ పాటల్నీ కూర్చి పుస్తకం కూడా వేశాడు. ఆయన్ని ఎవరూ తాగుబోతు గాయకుడు అనరు. సంస్కృతిని కాపాడేవాడు అంటారు. అనాలి కూడా.

ఇంకా వెనక్కి పోతే రాబర్ట్ బర్న్స్. రైతు కొడుకు. ఇంగ్లండు ఇంగ్లీషు రాకనా, తన పల్లె యాసలో రాశాడు? విస్కీని పొగుడుతూ కవిత్వం చెప్పిన ఈ మహానుభావుడే 1789 నుంచి ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేశాడు :) ఇప్పటికీ ఏటా జనవరి 25న ఆయన పుట్టినరోజుకి విస్కీ గ్లాసులెత్తి ఆయన కవితలు చదువుతారు. మనవాళ్ళు ఎడింబరో ఆన్‌సైటుకి పోయినప్పుడు ఆ విందుకి టిక్కెట్టు కొనుక్కుని మరీ పోతారు. అదే మనిషి జగిత్యాల యాసలో పాట వినిపిస్తే మొహం చిట్లిస్తాడు.

వాళ్ళ విస్కీకీ మన కల్లుకీ ఒక పెద్ద తేడా ఉంది. స్కాచ్ అనే పేరు రావాలంటే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు ఉండాలని వాళ్ళ చట్టం. కల్లును అట్లా దాయలేం. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది. పన్నెండేళ్ళది, పద్దెనిమిదేళ్ళది అని సీసా మీద అచ్చేసి అమ్ముకోవడానికి మనకేమీ మిగలదు. మరి మన దగ్గర నిలవ ఉన్నదేమిటి? పాట ఒక్కటే. వాళ్ళకి పాట పోయినా పీపా ఉంటుంది. మనకి పాట పోతే అంతా పోయినట్టే.

సర్వాయి పాపన్న సంగతే చూడండి. ఖిలాషాపూర్ గీత కులంవాడు. 1708లో ఓరుగల్లు కోటను కొల్లగొట్టాడు, 1710లో చంపేశారు. మొగలాయి చరిత్రకారులకి ఆయన బందిపోటు. మన జనానికి వీరుడు. ఆయన్ని వీరుడిగా నిలబెట్టింది ఎవరు? పాట పాడినవాళ్ళు. ఆ పాటను 1874లో బాయిల్ అనే దొర "ఇండియన్ ఆంటిక్వరీ" పత్రికలో అచ్చేయించాడు. మన పాటను దొర రాసుకుంటే గానీ మన చదువుకున్నవాళ్ళకి ఆనలేదు. నూటయాభై ఏళ్ళయింది, ఇంకా అదే జబ్బు.

"అయితే తాగుడిని సమర్థిస్తున్నావా?" అని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మంచి ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళకి దండం పెడతాను. ఇక ఇవాళ్టి కల్లులో చాలాచోట్ల కల్లే లేదు. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. ఆ లోటును క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం పూడుస్తున్నాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు జనం పిచ్చెక్కినట్టయి ఆస్పత్రుల్లో పడ్డారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఇవన్నీ నాకూ తెలుసు.

కానీ ఈ సంగతి మనందరికంటే ముందు చెప్పిందెవరు? గోరటి వెంకన్న. "పల్లె కన్నీరు పెడుతుందో" పాట మీరంతా వినే ఉంటారు, "కుబుసం" సినిమాలో వచ్చింది. అందులో ఈత కల్లు కరువైపోయిందని, మందు కలిపిన కల్లు జనాన్ని పాడుచేస్తోందని, పల్లెలోకి బీరూ విస్కీ ఎవరు పంపారని అడుగుతాడు. కల్లును ప్రేమించినవాడే కల్తీని తిట్టగలడు. మొదటినుంచీ ముక్కు మూసుకున్నవాడికి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఆ వెంకన్నకే "వల్లంకి తాళం" పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అకాడమీకి అర్థమైంది, మన గేటెడ్ కమ్యూనిటీకి ఇంకా కాలేదు.

"బలగం" సినిమా 2023లో వచ్చింది. సిరిసిల్ల వేణు తీశాడు. మా ఆఫీసులో ఏడవనివాడు లేడు. చివర్లో పాడిన మొగిలయ్య, కొమురమ్మల పాటను స్టేటస్‌గా పెట్టుకోనివాడు లేడు. మొగిలయ్య కిడ్నీల జబ్బుతో ఇబ్బందులు పడి 2024 డిసెంబర్లో కన్నుమూశాడు. సినిమాలో, ఏసీ హాల్లో పాడితే మన మూలాలు. అదే మనిషి కల్లు మండువలో పాడితే మాత్రం లో క్లాసు. ఇదెక్కడి లెక్క సారూ?

నేను ఎవర్నీ కల్లు తాగమనడం లేదు. విస్కీ మానమనడం అంతకన్నా లేదు. ఒక్కటే అడుగుతున్నా. పండక్కి ఊరికి పోయినప్పుడు, మీ ఊళ్ళో పాటలు కట్టే ముసలాయన ఎవరో కనుక్కోండి. పక్కన కూర్చోండి. ఫోను బయటికి తీయండి. లక్ష పెట్టి కొన్న ఫోను, బిడ్డ పుట్టినరోజు కేకుకి మాత్రమేనా? పాటతో పాటు పాట కట్టినవాడి పేరు కూడా రాసి పెట్టండి. డీజే బీటు కలిపి "జానపదం" అని వదిలేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ పేరే. పైసలు కూడా ఇవ్వండి. నాలుగు గ్లాసుల వాసనకి ఎంత బిల్లయిందో నాకు తెలుసు.

మామతో పాటు తాళ్ళెక్కిన ఒకాయన మా ఊళ్ళో ఇంకా ఉన్నాడు. మామ పాటలు రెండు గుర్తున్నాయట, అవీ సగం సగం. వచ్చే శనివారం పోతున్నా. ఆ టీము మిత్రుడు వస్తానంటే కారులో ఒక సీటు ఖాళీగా ఉంది. కాకపోతే ఈసారి దారిపొడుగునా పాటలు నావే. ఆపమంటే ఆపను.