శిష్యవైద్యుల యలసట

2020 మార్చిలో లాక్‌డౌను విధింపబడగనే హైటెక్ సిటీ యందలి అద్దాల మేడలు నిర్జనములయ్యెను. సాఫ్టువేరు ఉద్యోగులు ఇండ్లనుండియే పని సాగించిరి. ఆ పక్కనే గచ్చిబౌలిలో క్రీడాప్రాంగణపు భవనమొకటి టిమ్స్ అను పేర కోవిడు ఆసుపత్రిగా మారెను. ఇంటనుండి చేయ వీలులేని పనియు నొకటి కలదని నగరమప్పుడు చూచినది.

ఆ భారమును పగలనక రాత్రియనక మోసినవారిలో గాంధీ ఆసుపత్రివంటి బోధనాలయములందు పి.జి. చదువుచున్న యువవైద్యులు ముఖ్యులు. వారు సగము విద్యార్థులు, సగము ఉద్యోగులు. విద్యార్థి విరామము గాని, ఉద్యోగి హక్కులు గాని వారికి దక్కలేదు. 2020 జూన్ 9వ తేది రాత్రి గాంధీలో నొక రోగి మరణింపగా, బంధువులు విధిలోనున్న వైద్యునిపై బడి కొట్టిరి. జూనియరు డాక్టర్లు రోడ్డెక్కి, కోవిడు రోగులనందరిని ఒక్కచోటనే చేర్పక తక్కిన ఆసుపత్రులకును పంచుడని కోరిరి. ఆ కోరికలో మాకు వినిపించినది అలసటయే.

అంతకుముందే, ఏప్రిల్ 22న, కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు చేసి, వైద్యులను తీవ్రముగా గాయపరచువారికి ఏడేండ్లవరకు ఖైదు విధింపవచ్చునని శాసించెను. న్యాయవాదులమైన మేము దానిని స్వాగతించితిమి. కాని కొట్టువానిని శిక్షించు శాసనము నిద్రలేనివానికి నిద్ర నీయజాలదు గదా!

మరుసటి యేడు దుస్థితి పెరిగెను. 2021 ఏప్రిల్‌లో జరుగవలసిన నీట్ పి.జి. పరీక్ష సెప్టెంబరుకు వాయిదాపడెను. ప్రవేశములు రిజర్వేషను వ్యాజ్యమున చిక్కుకొని 2022 జనవరివరకు కదలలేదు. మూడు తరగతులవారి పనిని కొంతకాలము రెండు తరగతులవారే చేసిరి.

రెసిడెంటు వైద్యులకు వారమునకు 48 గంటల పనియని కేంద్రము 1992లోనే వ్రాసియుంచెను. 2024లో జాతీయ వైద్య కమిషను కార్యదళము 74 గంటలు మించరాదని సిఫారసు చేసెను. ముప్పదిరెండేండ్లకు మన యాశయమే 26 గంటలు సడలినది!

మనసు నలిగినదని శిష్యుడెవరితో చెప్పుకొనును? తన పరీక్షకు సంతకము చేయవలసిన శాఖాధిపతితోనా? 2022 నుండి టెలిమానస్ 14416 కలదు, అది మేలే. అయినను ప్రతి బోధనాసుపత్రిలోను శాఖాధిపతి యధికారమునకు లోబడని సలహాదారుండవలెను. అచట చెప్పుకొన్న మాట బయటకు పొక్కరాదు. పనిగంటల పట్టిక నెలనెలా గుమ్మమున అంటింపబడవలెను. గంటలు మించినచో జవాబు చెప్పవలసినవాడు శాఖాధిపతియేయని రాష్ట్రప్రభుత్వము తన యుత్తర్వులో స్పష్టముగా వ్రాయవలెను.