పాత ట్రైలరు కొనబోవు రైతులకు ఒక మాట



కోతలు ముగిసి, ధాన్యము అమ్మి, చేతిలో కాస్త డబ్బు ఆడు రోజులలోనే పాత ట్రైలర్ల బేరములు జోరుగా సాగును. దానిని మీ ప్రాంతములో ట్రక్కు అన్నను, ట్రాలీ అన్నను, తొట్టి అన్నను వస్తువు ఒక్కటే. పశువుల ఎరువు పొలమునకు చేరవలెనన్నను, వడ్లు మార్కెట్టుకు పోవలెనన్నను, చెరకు ఫ్యాక్టరీకి తోలవలెనన్నను ట్రాక్టరు ఉన్న రైతుకు అదే దిక్కు. క్రొత్తది కొను స్తోమత అందరికిని ఉండదు. కావున పాతది కొనుట తప్పు కాదు; తెలివైన పనియే కావచ్చును. అయితే కొను పద్ధతిలో మనము చేయుచున్న పొరపాటొకటి ఉన్నది. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచితిని.

ఎద్దును కొనునప్పుడు మనమేమి చేయుదుము? పండ్లు లెక్కించి, గిట్టలు ఎత్తి చూచి, సుడులు చూచి, బండికి కట్టి నడిపించిన తరువాత గాని బయానా ఇయ్యము. అదే మనిషి ట్రైలరు దగ్గరకు వచ్చుసరికి రంగు చూచి, తొట్టి పొడవు వెడల్పులు చూచి, "ఎంతకిస్తావు?" అని అడుగును. నా అభిప్రాయములో మొదట అడుగవలసినది అది కాదు. "ఇది ట్రాక్టరును దేనితో పట్టుకొనును? బరువుతో దిగునప్పుడు ఎట్లు ఆగును?" అనునవి మొదటి ప్రశ్నలు. ధర ఆ తరువాతి మాట.

ఇది నేను డబ్బు పోగొట్టుకొని నేర్చిన పాఠము. కొన్నేండ్ల క్రితము నేనును ఒక పాత ట్రైలరు కొన్నాను. ఎర్రరంగుతో నిగనిగలాడుచుండెను. అయిదు వేలు బేరమాడి తగ్గించినానని సంతోషించితిని. రెండవ నెలలో వడ్ల బస్తాలతో కాలువ వంతెన ఎక్కుచుండగా ముందు కడ్డీ ఛాసిస్‌తో కలియు చోట అతుకు విడిపోయినది. ట్రైలరు వెనుకకు జారి పిట్టగోడకు తగిలి ఆగినది. బస్తాలపై కూర్చున్న ఇద్దరు కూలీలు టీ త్రాగుటకు వంతెన క్రిందనే దిగియుండిరి, అందుచేత బ్రతికిరి. తరువాత వెల్డింగు మేస్త్రీ రంగు గీకి చూడగా, పాత బీటను లప్పముతో పూడ్చి పైన రంగు వేసినట్లు తేలినది. ఆ రంగునే నేను అంత ముచ్చటపడి కొన్నాను!

కాబట్టి క్రొత్తగా రంగు వేసిన పాత ట్రైలరును చూచినప్పుడు ముచ్చట పడకుడు; అనుమానపడుడు. పగటి వెలుగులో, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు చూడుడు. ముందుగా క్రిందికి దూరి పైకి చూడుడు. అడుగు రేకులో వెలుతురు చుక్కలు కనిపించిన చోట తుప్పు తినివేసినదని తెలియును. ముందు కడ్డీ ఛాసిస్‌తో కలియు మూలలు, కమాను పట్టీలను పట్టియుంచు బ్రాకెట్లు, ఈ రెండు చోట్ల వెంట్రుకవాసి బీట ఉన్నను విడువకూడదు. చిన్న సుత్తితో తట్టి చూడుడు. మంచి ఇనుము ఖంగుమనును. లప్పము, తుప్పు ఉన్న చోట మొద్దుగా పలుకును.

తరువాత ట్రాక్టరుకు తగిలించు కన్ను చూడుడు. గుండ్రముగా ఉండవలసిన రంధ్రము అరిగి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చినచో, ప్రతి గతుకులోను అది పిన్నును సమ్మెటతో కొట్టినట్లు కొట్టును. పిన్ను జారిపోకుండ క్రింద క్లిప్పు ఉండవలెను. చాలచోట్ల ఆ క్లిప్పునకు బదులు తీగముక్కయో, మేకో కనిపించును. క్లిప్పునకు అయ్యెడి ఖర్చు ఒక పూట టీలకు అయ్యెడి ఖర్చు. దానితోబాటు ఒక బలమైన గొలుసును కూడ ట్రాక్టరుకు, ట్రైలరుకు తగిలించినచో, పిన్ను పోయినను ట్రైలరు చేయి దాటిపోదు.

ఇరుసు సంగతి తెలిసికొనుటకు ఒక తాడు చాలును. కన్ను మధ్యనుండి కుడి చక్రపు హబ్బు వరకు కొలిచి, అదే తాడుతో ఎడమ చక్రమునకు కొలువుడు. రెండును సమానముగా లేనిచో ఇరుసు పక్కకు జరిగినదని అర్థము. అట్టి ట్రైలరు రోడ్డుపై వంకరగా నడచును, టైర్లను ఒకవైపే తినివేయును. ఆపై చక్రమును జాకీతో లేపి, పైన క్రింద పట్టుకొని ఊపుడు. ఊగినచో బేరింగులు బిగించుకొనవలెను, లేదా మార్చుకొనవలెను. త్రిప్పినప్పుడు గరగరమన్నను అంతే. టైర్ల పూలు మాత్రమే చూచి తృప్తిపడక, పక్కగోడలపై పగుళ్ళు చూడుడు. ఎండలో నిలిచిన టైరుకు పూలు మిగిలియుండి కూడ గోడ పోవును.

హైడ్రాలిక్ జాకీ ఉన్నచో తొట్టిని ఎత్తి పది నిమిషములు అట్లే ఉంచుడు. తనంతట తాను దిగినచో లోపల నూనె కారుచున్నది. ఎత్తిన తొట్టి క్రిందికి, గట్టి ఊత పెట్టనిదే, తల పెట్టకుడు. జాకీని నమ్మి ప్రాణములు పోగొట్టుకొనకుడు.

ఇక బ్రేకులు. మన పల్లెలలో తిరుగు ట్రైలర్లలో చాలవాటికి బ్రేకులే ఉండవు. నాలుగైదు టన్నుల బరువు పల్లములో వెనుకనుండి తోయుచుండగా ట్రాక్టరు ఒక్కటే దానిని ఆపవలసియుండును. మలుపులో ఒక్కసారిగా బ్రేకు త్రొక్కినచో ట్రైలరు ట్రాక్టరును పక్కకు మడిచివేయును. అందుచేత రోడ్డుపై ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్ళను కొక్కెముతో కలిపి ఉంచవలెను. ఏ గేరులో మెరక ఎక్కుదురో ఆ గేరులోనే పల్లము దిగవలెను. డీజిలు మిగులునని న్యూట్రలులో వదలుట ప్రాణముతో పొదుపు చేయుటయే. బేరములో తగ్గించిన సొమ్మును జేబులో వేసికొనక, బ్రేకులు పెట్టించుటకును, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించుటకును ఖర్చు చేయుడని నా గట్టి సలహా. రాత్రివేళ దీపము లేక రోడ్డు ప్రక్కన నిలిపిన ట్రైలరు, వెనుకనుండి వచ్చు మోటారు సైకిలువానికి ఇనుపగోడయే.

కాగితముల విషయములో మొగమాటము పనికిరాదు. ట్రైలరుకు వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను. ఛాసిస్‌పై కొట్టిన నంబరును ఆర్.సి.తో మీరే సరిచూచుకొనుడు. బ్యాంకు అప్పు ఉన్నచో తీరినట్లు బ్యాంకు పత్రమును, ఫారము 35 ను అడుగుడు. ఫారము 29, 30 పై అమ్మువాని సంతకములు తీసికొని, కొన్న 30 రోజులలోగా రవాణాశాఖ కార్యాలయములో మీ పేరున మార్పించుకొనుడు. బీమా పాలసీలో ట్రాక్టరుతోబాటు ట్రైలరు కూడ చేరినదో లేదో చదివి చూడుడు.

కొన్న తరువాత పోషణ పెద్ద పని కాదు, మరువకుండ చేయుటయే పని. ఎరువు, యూరియా తోలిన నాడే తొట్టిని కడిగి ఆరబెట్టవలెను. ఉప్పుతో కూడిన తేమకు మించిన తుప్పు వేరొకటి లేదు. చక్రము విప్పి బిగించినప్పుడు మొదటి బరువు దించగనే నట్లు మరల బిగించవలెను. ఏడాదికొకసారి హబ్బులు విప్పి, పాత గ్రీజు తుడిచి, క్రొత్తది పెట్టవలెను. పని లేని నెలలలో ఇరుసు క్రింద దిమ్మలు పెట్టి, టైర్లను నీడలో ఉంచవలెను.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ దగ్గర పొలము పనికి పోవు కూలీలతో వెళ్ళుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. అదే యేడు ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లాలో ఇట్టి ప్రమాదమే మరియొకటి జరిగి 9 మంది స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. ట్రైలరు గోడలు బస్తాలను ఆపుటకు చేసినవి. అందులో పట్టుకొనుటకు పట్టు లేదు, కూర్చొనుటకు సీటు లేదు. అది బోల్తాపడినచో మనుషులు దాని క్రిందనే ఉందురు. సరుకు కొరకు తీసిన బీమా, ఎక్కిన కూలీల కొరకు తీసినది కాదు.

"దగ్గరి దారే గదా, వేరే బండి ఎక్కడిది?" అని మీరందురు. ఆ ఇబ్బంది నిజమే. కాని కాలువగట్టు కూడ దగ్గరి దారియే. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి, నాట్ల రోజులకును కోతల రోజులకును ఒక వ్యానును మాట్లాడుకొనినచో ఎకరమునకు పడు ఖర్చు కొంచెమే. మన పొలములో నాటు వేయుటకు వచ్చు ఆడపడుచు సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరుటకంటె ఆ ఖర్చు ఎక్కువైనది కాదు.

పాత ట్రైలరు కొనుడు, బేరము కూడ గట్టిగా ఆడుడు. కాని సుత్తి, తాడు, జాకీ తీసికొని పొండు. బయానా ఇచ్చుటకు ముందు మోకాళ్ళపై కూర్చొని దాని క్రిందికి చూచిన రైతు, తరువాత ఎవరిముందును తల దించుకొనవలసిన పని ఉండదు.