కోయని ఎకరానికి కూలెందుకు?

మొన్న దాళ్వా కోతలప్పుడు మా ఊళ్లో జరిగిన సంగతి ఇది. పాసుబుక్కులో 2 ఎకరాల 10 సెంట్లున్న చేను. కోత మిషను డ్రైవరు పని అయ్యాక ఫోను తీసి, గట్టు అవతలి అంచున గబగబా ఒక చుట్టు తిరిగొచ్చి 2 ఎకరాల 22 సెంట్లు చూపించాడు. "నేనేమన్నా కలిపానా? పైనుంచి శాటిలైటే చెప్పింది" అన్నాడు. రైతు నోరు మెదపలేదు. శాటిలైటుతో ఎవడు వాదిస్తాడు?

గట్టు మీదున్న మేం ముగ్గురం వాదించాం. రెండు ఫోన్లు పట్టుకుని, గట్టు లోపలి అంచున, మూల మూలకీ ఆగుతూ నడిచాం. ఒకదాంట్లో 2 ఎకరాల 5 సెంట్లు, ఇంకోదాంట్లో 7 సెంట్లు వచ్చాయి. చివరికి 2 ఎకరాల 7 సెంట్లకే లెక్క కట్టారు. ఎకరా కోతకు 3 వేలు అనుకుంటే ఆ రైతుకు మిగిలింది 450 రూపాయలు. అంతేనా అంటారా? రోజుకు 15 ఎకరాలు కోసే మిషను నూటికి ఆరు చొప్పున కలుపుకుపోతే దాదాపు ఎకరం అవుతుంది. కోయని ఎకరానికి రోజూ ఎవరో ఒకరు కూలి కడుతున్నారన్నమాట.

మిషను యజమాని మన శత్రువని అనడం లేదు. అతనికీ ఫైనాన్సు వాయిదాలున్నాయి, డీజిలు ధర ఉంది. మన కోపం మనిషి మీద కాదు, ఒక్కడి ఫోను చెప్పిందే చట్టం అయిపోయిన పద్ధతి మీద. కోత, దమ్ము, డ్రోను పిచికారీ, నాట్ల గుత్తా, కౌలు అన్నీ ఎకరం లెక్కనే నడుస్తాయి. ఆ ఎకరాన్ని ఎవరు కొలుస్తారో వాళ్లదే పైచేయి. పూర్వం గొలుసు కరణం చేతిలో ఉండేది. ఇప్పుడు ఫోను డ్రైవరు చేతిలో ఉంది.

ఈ మాట సంఘం సమావేశాల్లో ఎత్తితే చాలామంది అడిగేది ఒక్కటే: "అయితే మంచి జీపీఎస్ మిషను ఏది కొనమంటారు?" ఏదీ కొనొద్దు. వ్యవసాయ ప్రదర్శనల్లో బల్లల మీద పెట్టి అమ్మే చేతి యంత్రాలు, ట్రాక్టరుకు బిగించే దారి చూపే కిట్లు, ఏడాదికింత అని చందా గుంజే యాప్‌లు రెండెకరాల, మూడెకరాల రైతుకు దండగ. జేబులో ఉన్న ఫోను చాలు. దాన్ని వాడే పద్ధతి తెలియాలి, అది దేనికి పనికిరాదో అంతకన్నా బాగా తెలియాలి.

ముందుగా ఆ "పైనుంచి చెప్పింది" అనే మాట సంగతి. ఏ ఉపగ్రహమూ మన చేను కొలవదు. అది తన గడియారం ప్రకారం టైమునూ, తానున్న చోటునూ సంకేతంగా పంపుతూ ఉంటుంది, అంతే. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే ఫోను తానెక్కడుందో లెక్క కడుతుంది. యాప్ ఆ చుక్కల్ని గీతలతో కలిపి విస్తీర్ణం చెబుతుంది. ఫోను ఎక్కడ నడిస్తే గీత అక్కడ. గట్టు బయట నడిస్తే గట్టు కూడా చేనే. మూల కోసి అడ్డంగా నడిస్తే చేను తగ్గుతుంది, పక్క మళ్లోకి దిగి తిరిగితే పెరుగుతుంది. తప్పు ఆకాశంలో లేదు, కాళ్లలో ఉంది.

ఈ సంకేతాలకు ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ అన్నీ జనానికి ఉచితమే. నెట్ బాలెన్సు లేకపోయినా అందుతాయి. నెట్ కావలసింది మ్యాపు బొమ్మకు మాత్రమే. దాన్ని ఇంటిదగ్గరే దించుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో మన మండలం వరకు ఆఫ్‌లైన్‌లో దాచుకునే వీలుంది, ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటివి కూడా ఉచితంగా దొరుకుతాయి.

కొత్త ఫోను ఎలాగూ కొనాల్సి వస్తే ఒక్క విషయం అడగండి: జీపీఎస్ రెండు ఫ్రీక్వెన్సీల్లో, అంటే ఎల్1తో పాటు ఎల్5లో కూడా పనిచేస్తుందా అని. 2018 నుంచి ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి, ఇప్పుడు తక్కువ ధర వాటిలోనూ కొన్నింటికి ఉంది. కొబ్బరి చెట్ల పక్కన, ఇళ్ల దగ్గర ఇవి కాస్త నిలకడగా చూపిస్తాయి. ఉన్న ఫోనులో ఏముందో తెలియాలంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఏ దేశపు ఉపగ్రహాలు ఎన్ని అందుతున్నాయో జెండాలతో సహా చూపిస్తుంది. పొరపాటు ఎన్ని మీటర్లుండొచ్చో కూడా చెబుతుంది.

"నావిక్ ఉన్న ఫోను" అని ఎక్కువ ధర చెబితే మాత్రం లొంగకండి. మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహాలవి, గర్వపడాల్సిందే. 2013లో మొదలై 2016 నాటికి ఏడూ పైకి వెళ్లాయి. కానీ కొన్నింటి అణు గడియారాలు చెడిపోయాయి. వాటి స్థానంలో పంపుతున్న వాటిలో 2023 మేలో ఒకటి బాగా కుదిరింది, 2025 జనవరిలో వెళ్లింది అనుకున్న కక్ష్యకు చేరలేదు. నావిక్ తోడుంటే మంచిదే గానీ, దాని పేరు చెప్పి మన జేబు కోయనక్కర్లేదు. శాస్త్రవేత్తలు చెమటోడ్చి ఉచితంగా ఇచ్చినదానికి అంగడివాడు స్టిక్కరు వేసి అమ్మడమేమిటి?

ఇక అసలు కిటుకు. తెరిపి ఆకాశం కింద మామూలు ఫోను చూపే చోటుకు 5 మీటర్ల దాకా అటూ ఇటూ తేడా ఉంటుంది. మరి అంత తేడా ఉన్న ఫోనుతో విస్తీర్ణం ఎలా నమ్మేది? ఆ తేడాలో ఎక్కువ భాగం నిదానంగా మారుతుంది. పది నిమిషాల్లో చేను చుట్టి వస్తే, దాదాపు బొమ్మంతా కలిసి ఒకే వైపుకు జరుగుతుంది. బొమ్మ మొత్తం నాలుగు మీటర్లు తూర్పుకు జరిగినా ఎకరం ఎకరంగానే ఉంటుంది. అందుకే ఎకరం దాటిన చేనుకు జాగ్రత్తగా నడిస్తే రెండు మూడు సెంట్ల తేడాలో లెక్క తేలడం మేం చూస్తున్నాం. కోతకూ పిచికారీకీ అది చాలు.

కానీ అదే నాలుగు మీటర్లు గట్టు విషయంలో ఏం చేస్తుందో ఆలోచించండి. మీ సరిహద్దు పక్కవాళ్ల మళ్లో పడుతుంది. ఫోనులో చుక్క చూపించి "గట్టు ఇక్కడుండాలి" అని పార పట్టుకున్న అన్నదమ్ముల్ని చూశాం. ఫోను పట్టుకుని సరిహద్దు జోలికి వెళ్లొద్దు. యాప్‌లో కనిపించే ఉపగ్రహ ఫోటో మీద వేలితో చుక్కలు పెట్టి కొలిచేది ఇంకా అన్యాయం. ఆ ఫోటోయే కొన్ని మీటర్లు పక్కకు కూర్చుని ఉండొచ్చు.

చిన్న మడికీ ఫోను పనికిరాదు. లెక్క చూడండి. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. చుట్టూ ఒక్క మీటరు లోపలికి నడిస్తే 6 సెంట్లు పోతాయి. పావెకరంలో అదే మీటరుకు 3 సెంట్లు పోతాయి, అంటే నూటికి పన్నెండు. రిబ్బనులా సన్నగా సాగిన చేనైతే చెప్పనే అక్కర్లేదు. అర ఎకరం లోపు వాటికి టేపే మేలు. నలుచదరపు మడిని అడుగుల్లో పొడవు వెడల్పులు గుణించి 435.6తో భాగిస్తే సెంట్లు, 1089తో భాగిస్తే గుంటలు. మన తాతలు గొలుసుతో చేసిందీ ఇదే, పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

నడిచేటప్పుడు ఫోనును జేబులో పెట్టకండి, ఛాతీ ఎత్తున చేతిలో పట్టుకోండి. యాప్ తెరవగానే బయల్దేరొద్దు, రెండు మూడు నిమిషాలు ఆరుబయట నిలబడి పొరపాటు అంకె తగ్గనివ్వండి. ప్రతి మూలా పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి. ఒక చుట్టు కుడికి, ఒక చుట్టు ఎడమకు తిరిగి రెండింటి సగటు తీసుకోండి. రెండింటికీ మధ్య తేడా ఎక్కువుంటే మూడోసారి నడవండి. మామిడి తోటలో అయితే ఎన్నిసార్లు నడిచినా ఒకలా రాదు, అక్కడ టేపు తీయండి. యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు అడిగితే ఇవ్వకండి. చేను ఎక్కడుందో, ఎంతుందో తెలిస్తే రేపు మందుల కంపెనీవాడి ఫోను మీకే మోగుతుంది.

మన చేతిలోకి కొలత వచ్చాక మనమూ అదే పని చేయకూడదు. నాట్ల ముఠా ఆడవాళ్లకు గుత్తా ఇచ్చి, గట్టు లోపల ఇంకో అడుగు లోపలికి నడిచి "ఎకరానికి తక్కువే ఉందమ్మా" అనే రైతులు మన సంఘంలోనూ ఉన్నారు. ముఠా మేస్త్రమ్మ ఫోను కూడా పక్కన నడవాలి.

కౌలు రైతుకు ఇది మరీ అవసరం. అతను కౌలు బస్తాలు కట్టేది పాసుబుక్కు ఎకరానికి. పండించేది గట్లు, బోదెలు, దారి పోగా మిగిలిన నేల. రెండెకరాల కౌలులో 15 సెంట్లు గట్టుకీ బోదెకీ పోతే, వాటికీ బస్తాలు కొలుస్తున్నాడు. ఒప్పందానికి ముందే భూమి యజమానితో కలిసి ఒకసారి నడిచి, సాగయ్యే నేల ఎంతో కాగితం మీద రాసుకోవాలి. ఇ-పంట నమోదప్పుడు సిబ్బంది రోడ్డు మీద నిలబడి ఫోటో తీస్తే ఒప్పుకోవద్దు. ఆ ఐదు మీటర్ల తేడాతో పంట పక్క సర్వే నంబరు మీద పడితే బీమా, పరిహారం రెండింటికీ చిక్కే. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు పేరు, నంబరు, విస్తీర్ణం మూడూ చూసుకోండి.

సరిహద్దు సంగతికి వస్తే, దానికి సెంటీమీటర్లలో తేల్చే రోవర్లున్నాయి. ప్రభుత్వ బేస్ స్టేషన్ల నుంచి దిద్దుబాటు సంకేతం అందుకుని పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో వాడింది వీటినే. సాధనం మంచిదైనా, రైతు లేనప్పుడు కొలిచి, పాసుబుక్కు కన్నా విస్తీర్ణం తగ్గించి పెట్టారని ఊరూరా ఫిర్యాదులొచ్చాయి. తెలంగాణలో 2025 భూభారతి చట్టం కింద రిజిస్ట్రేషనుకు సర్వే పటం జత చేయమంటున్నారు. కొలిచే ఖర్చు రైతు నెత్తిన పడకుండా చూసుకోవాలి. మన డిమాండు సూటిగా ఉంది: జనం డబ్బుతో పెట్టిన బేస్ స్టేషన్ల సంకేతం రైతులకు ఉచితంగా ఇవ్వాలి. ప్రతి మండలంలో ఒక రోవరు, దాన్ని నడిపే మనిషి రైతులకు అందుబాటులో ఉండాలి. ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టిన రైతును నెలల తరబడి తిప్పకుండా, ఇరుగుపొరుగుల ఎదుటే కొలిచి, ఎఫ్‌ఎంబీ నకలుతో, తెలంగాణలో అయితే టీపన్‌తో సరిచూసి సంతకాలు తీసుకోవాలి.

అది సాధించేలోపు సార్వా కోతలొస్తాయి. గ్రామ కమిటీలు ఇప్పుడే మిషను యజమానులతో కూర్చుని నాలుగు మాటలు రాయించుకోండి: కొలత గట్టు లోపలి అంచునే, రైతు ఫోను, డ్రైవరు ఫోను రెండూ నడవాలి, తేడా వస్తే సగటు, అర ఎకరం లోపు టేపు. ఊరికొక 30 మీటర్ల టేపు కమిటీ దగ్గర ఉండాలి, పోయినేడు కొన్నది ఎవరింట్లో ఉందో ముందు వెతకండి.