బెంగళూరు చెరువులు: కట్టకు కాపలా ఉంది, కాలువకు ఎవరున్నారు?

2022 సెప్టెంబరు తొలి వారంలో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు వెళ్లిన దృశ్యాలు దేశమంతటా ప్రసారమయ్యాయి. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 వేసవిలో, అదే నగరం ట్యాంకరు నీటి కోసం ఎదురుచూసింది. ప్రభుత్వ బోరుబావుల్లో దాదాపు సగం ఎండిపోయాయని అధికారులే ప్రకటించారు. వానకు మునగడం, ఎండకు దప్పిగొనడం వేర్వేరు విపత్తులుగా కనిపించినా వాటి మూలం చాలావరకు ఒక్కటే. కురిసిన వానను పట్టి నిలిపే చెరువులూ, ఒక చెరువు నుంచి మరొక చెరువుకు దానిని చేర్చే కాలువలూ పలుచోట్ల తెగిపోయాయి.

తెగిన ఆ గొలుసును అతికే ప్రయత్నంలో గత పదిహేనేళ్లుగా బెంగళూరు పౌరసంఘాలు చేసిన కృషి తక్కువది కాదు. దేశంలోని ఇతర మహానగరాలు దానిని ఆదర్శంగా చూపుతున్నాయి కూడా. అయితే ఆ కృషి పరిధి సాధారణంగా చెరువు కంచెతోనే ముగుస్తోంది. చెరువు బాగోగులను నిర్ణయించేది మాత్రం కంచెకు వెలుపల, ఎగువన ఉన్న కాలువ.

బెంగళూరుకు పెద్ద నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఒక మిట్ట మీద వెలసిన ఊరు అది. పడమటి వాలున పడిన వాన వృషభావతి ద్వారా అర్కావతిలోకి, అక్కడి నుంచి కావేరిలోకి చేరుతుంది. తూర్పు వాలున పడినది కోరమంగళ-చల్లఘట్ట, హెబ్బాళ లోయల మీదుగా దక్షిణ పినాకినిలో కలుస్తుంది. ఆ నది నందికొండల ప్రాంతంలో పుట్టింది. రాయలసీమ, నెల్లూరు సీమలను తడిపే పెన్న కూడా, అంటే ఉత్తర పినాకిని, ఆ కొండల్లోనే పుట్టింది. ఈ వాలుల వెంట పూర్వికులు కట్టినవి తెలుగువారికి చిరపరిచితమైన గొలుసుకట్టు చెరువులే. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. వాటిని కలిపే పెద్ద కాలువను కన్నడిగులు రాజకాలువె అంటారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంత నీరు వదలాలో చూసేందుకు ప్రతి చెరువుకూ ఒక నీరుగంటి ఉండేవాడు.

1890లలో హెసరఘట్ట నుంచి కుళాయి నీరు రావడంతో ఈ ఏర్పాటు సడలడం మొదలైంది. ఆ తరువాత తిప్పగొండనహళ్లి జలాశయం, అనంతరం సుమారు నూరు కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసే కావేరి జలాలు నగరానికి ఆధారమయ్యాయి. తాగడానికీ, పంటకూ అక్కరలేని చెరువు ఎవరికీ చెందనిదైంది. కొన్ని బస్ స్టాండ్లుగా, ఆటస్థలాలుగా, లేఅవుట్లుగా మారాయి. నగరంలోని ప్రధాన బస్ స్టాండు ఉన్నది ఒకప్పటి ధర్మాంబుధి చెరువు గర్భంలోనే. మిగిలినవి మురుగు చేరే గుంటలయ్యాయి. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమై రోజుకు అదనంగా 77.5 కోట్ల లీటర్ల సరఫరాకు వీలు కలిగింది. అంత నీరు వాడితే అందులో అధికభాగం మురుగుగా తిరిగి ఈ లోయల్లోకే దిగుతుందన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు.

పౌరుల జోక్యం ఈ దశలోనే మొదలైంది. సర్జాపూర్ రోడ్డులోని కైకొండ్రహళ్లి చెరువు విస్తీర్ణం 48 ఎకరాలు. 2000ల చివరికి అది ఎండి, చెత్తకు నెలవైంది. చుట్టుపక్కల నివాసితులు, పరిశోధకులు, పాత గ్రామస్తులు నగరపాలక సంస్థ ఇంజినీర్లతో కూర్చుని పునరుద్ధరణ ప్రణాళికకు రూపమిచ్చారు. పూడిక తీశారు, మురుగును పక్కకు మళ్లించారు, పక్షుల కోసం నడుమ దిబ్బలను వదిలారు. ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, పర్యావరణ శాస్త్రవేత్త హరిణి నాగేంద్రతో కలిసి బెంగళూరు చెరువులపై చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. ప్రభుత్వ యాజమాన్యం, ప్రజల నిఘా కలిసి నడవడం సాధ్యమేనని చెప్పేవారు ఈ అనుభవాన్నే ప్రస్తావిస్తుంటారు.

జె.పి. నగర్‌లోని పుట్టేనహళ్లి చెరువు ఇంకా చిన్నది, సుమారు 13 ఎకరాలు. అక్కడి సమస్య వేరు. చుట్టూ భవనాలు లేచి పరీవాహక ప్రాంతమే మాయమవడంతో వాన కురిసినా చెరువులోకి నీరు రాని పరిస్థితి ఏర్పడింది. స్థానికులు ట్రస్టుగా ఏర్పడి, 2011లో నగరపాలక సంస్థతో నిర్వహణ ఒప్పందం చేసుకున్నారు. పొరుగునున్న ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో శుద్ధి చేసిన నీటిని చెరువులోకి మళ్లించుకున్నారు. ఆ నీరు అందినన్నాళ్లే చెరువు. సహజమైన పరీవాహకం స్థానంలో ఒక గొట్టం వచ్చిందన్నమాట. దీనిని విజయమనాలో రాజీ అనాలో తేల్చడం కష్టం.

ఈ మూడింటిలో లోతైన పాఠం ఉత్తర బెంగళూరులోని జక్కూరుది. సుమారు 160 ఎకరాల ఈ చెరువుకు ఎగువన జలమండలి శుద్ధి కేంద్రం నెలకొంది. తొలుత దాని సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు. అక్కడ శుద్ధి అయిన నీరు నేరుగా చెరువులోకి రాదు. ముందుగా రెల్లు, జమ్ము పెరిగే ఒక చిత్తడి మడుగు గుండా సాగుతుంది. నీటిలో మిగిలిన నత్రజని, భాస్వరాలలో కొంత భాగాన్ని అక్కడి మొక్కలు పీల్చుకుంటాయి. చెరువు ఏడాది పొడవునా నిండుగా ఉంటే చుట్టుపక్కల బావులకు ఊట అందుతుంది, జాలరులకు చేపలు దొరుకుతాయి, పశువులకు గడ్డి లభిస్తుంది. పౌరులు చేసే శ్రమ కూడా ఇక్కడ వృథా కాలేదు. గుర్రపుడెక్క తొలగించడం, నీటి నాణ్యతను గమనించడం, మురుగు కలిసిన రోజున అధికారులను పిలవడం వంటి పనులు ఫలించడానికి ఎగువన ఒక యంత్రాంగం పనిచేస్తూ ఉండటమే కారణం.

అటువంటి ఏర్పాటు లేనిచోట ఏమవుతుందో బెళ్లందూరు చూపింది. దాదాపు 900 ఎకరాల ఆ చెరువులోకి నగరపు మురుగులో పెద్ద భాగం చేరుతుంది. 2015లో దాని నురగ రోడ్డెక్కింది. ఆ ఏడాదీ, మళ్లీ 2017, 2018లలోనూ చెరువు మీద మంటలు లేచాయి. అక్కడి నివాసితులు అలసత్వం చూపలేదు. మానవహారాలు కట్టారు, న్యాయస్థానాల తలుపు తట్టారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ కల్పించుకున్న తరువాతే భారీ పూడికతీత మొదలైంది. సబ్బు నీటి ఫాస్ఫేట్లు ఎన్నో కిలోమీటర్ల ఎగువనున్న ఇళ్ల నుంచి వస్తుంటే, కట్ట మీద నిలబడిన వాలంటీరు చేయగలిగినది ఫొటో తీసి పంపడమే. 2016 మార్చిలో అలసూరు చెరువులో చేపలు గుట్టలుగా తేలినప్పుడూ ఇదే జరిగింది.

అధికారం ముక్కలై ఉండటం మరో చిక్కు. చెరువు నగరపాలక సంస్థది, భూమి రికార్డులు రెవెన్యూ శాఖవి, మురుగు గొట్టాలు జలమండలివి. కాలుష్య నియంత్రణ మండలి వేరు, రాష్ట్ర చెరువుల ప్రాధికార సంస్థ వేరు. ఇన్ని కార్యాలయాల నడుమ తిరిగే పౌరసంఘానికి ఉన్న చట్టపరమైన ఆధారం ఒక ఒప్పంద పత్రం మాత్రమే. 2020 మార్చిలో కర్ణాటక హైకోర్టు చెరువుల విషయంలో ప్రైవేటు సంస్థలతో నగరపాలక సంస్థ ఒప్పందాలు చేసుకోకుండా నిలువరించినప్పుడు ఆ ఆధారమూ సందిగ్ధంలో పడింది. కోర్టు ఆందోళన నిరాధారమైనది కాదు. అంతకుముందు హెబ్బాళ, నాగవార చెరువులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చిన ఉదంతం మీద పెద్ద వివాదమే నడిచింది. కానీ వ్యాపార సంస్థకూ, వీధి వారి ట్రస్టుకూ మధ్య గీత స్పష్టంగా గీయకపోవడంతో రెండోది దెబ్బతింది.

ప్రజలంటే ఎవరన్న ప్రశ్నకూ ఇంతవరకు సరైన సమాధానం లేదు. కంచె, నడకబాట, ప్రవేశ వేళలు వచ్చాక అపార్ట్‌మెంట్ వాసులకు చెరువు ఉద్యానవనమైంది. గడ్డి కోసుకునేవారు, చాకలివారు, వలవేసేవారు పలుచోట్ల గేటు బయట నిలిచారు. చెరువులోకి ఏ రాత్రి ఏ ట్యాంకరు మురుగు వదిలిందో మొదట తెలిసేది వారికే. వారిని బయటపెట్టిన సంఘం తన కళ్లను తానే మూసుకున్నట్లవుతుంది.

ఇక దిగువన కోలారు ఉంది. తెలుగు మాట్లాడే కుటుంబాలు విస్తారంగా ఉన్న ఈ కరవు జిల్లా చెరువులకు బెంగళూరులో శుద్ధి చేసిన నీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల మేర ఎత్తిపోయడం లక్ష్యంగా కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఎండిన చెరువుల్లో నీరు నిలిచినందుకు రైతులు సంతోషించారు. తొలి చెరువు లక్ష్మీసాగరలో నురగ కనిపించినప్పుడు వారే బెదిరిపోయి కోర్టు మెట్లెక్కారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలన్న డిమాండు జిల్లాలో నేటికీ సజీవంగానే ఉంది. నగరంలోని ఒక కాలువలో ఏమి కలుస్తున్నదన్న విషయం ఇలా మరో జిల్లా రైతు పొలం దాకా ప్రయాణిస్తోంది. అయినా బెంగళూరు చెరువుల సమావేశాల్లో కోలారు రైతులకు కుర్చీ వేసినవి అరుదు.

హైదరాబాదు మరో దారి తొక్కింది. అక్కడ 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా చెరువుల శిఖం భూముల్లోని నిర్మాణాలను కూల్చివేయడంతో పని మొదలుపెట్టింది. బెంగళూరులో చొరవ ప్రజల నుంచి వచ్చి అధికారం వద్ద ఆగితే, హైదరాబాదులో అధికారమే ముందు కదిలింది. ప్రజల భాగస్వామ్యం దాని వెనుక నడవవలసి వస్తోంది.

2019 మార్చిలో సుప్రీంకోర్టు చెరువుల చుట్టూ 75 మీటర్ల బఫర్ ఉండాలన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని కొట్టివేసింది. చెరువు పరిమాణాన్ని బట్టి బఫర్‌ను మరింత కుదించే సవరణ బిల్లు 2025 ఆగస్టులో కర్ణాటక చట్టసభ ముందుకు వచ్చినప్పుడు చెరువు సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. ఆ మరుసటి నెలలోనే నగరపాలక సంస్థ అయిదు కార్పొరేషన్లుగా విడిపోయి, వాటిపై గ్రేటర్ బెంగళూరు అథారిటీ కొలువుదీరింది. కొత్త సరిహద్దులు నీటి వాలును అనుసరించి గీసినవి కావు. పై కార్పొరేషన్ పరిధిలోని రాజకాలువలో మురుగు కలిస్తే కింది కార్పొరేషన్ చెరువు సంఘం ఫిర్యాదును ఎవరు స్వీకరించాలి, ఎన్ని రోజుల్లో స్పందించాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న విషయాలను కాగితం మీద తేల్చవలసిన బాధ్యత ఇప్పుడు ఆ అథారిటీదే.